రెండు చేతుల కుట్టు

దగ్గరకు జరగండి. ఇంకా దగ్గరకు. ఇది గట్టిగా చెప్పే కథ కాదు, పైగా నా గొంతు కూడా మునుపటిలా లేదు. కుర్చీ దొరకనివాళ్లు ఆ బట్టల మూటల మీద కూర్చోండి, ఏం ఫరవాలేదు. పిన్నులేమైనా ఉన్నాయేమో చూసుకుని మరీ కూర్చోండి.

పోయిన వారం ఎక్కడ ఆపానో గుర్తుందా? మా కొట్టు గుమ్మంలో. మధ్యాహ్నం ఎండలో ఒక సిపాయి వచ్చి నిలబడ్డాడు. చంకలో గుడ్డ సంచి. "దర్జీ ఇల్లు ఇదేనా అండీ?" అని అడిగాడు. "బోర్డు మీద అంత లావు అక్షరాలుంటే రొట్టెల కొట్టనుకున్నావా నాయనా?" అన్నాను. అతను నవ్వలేదు. "బోర్డు మీది దర్జీ కాదండీ. మా దర్జీ. మా సారు" అన్నాడు. నా చేతిలో మెషిను చక్రం ఆగిపోయింది. అక్కడ ఆపాను.

కొత్తగా వచ్చినవాళ్లకు వెనకటి సంగతి కాస్త చెప్పాలి. మా వీధికి ఒక చివర సైనికుల బారకాసులు, ఇంకో చివర రైలు స్టేషను, మధ్యలో పదకొండు దర్జీ కొట్లు. మాది ఆరోది. ముందు గదిలో నా మెషిను, వెనక గదిలో నా కోడలి కత్తిరింపు బల్ల, మధ్యన ఒక పరదా. నా కొడుకు పోయేనాటికి మనవడికి నాలుగేళ్లు. ఆ బల్ల కిందే దొర్లుతూ, ఒళ్లంతా దారాలు చుట్టుకుంటూ పెరిగాడు. అందుకే మెషినులో ఉండే దారపు చుట్ట పేరు పెట్టి వాణ్ని బాబిన్ అని పిలిచేవాళ్లం. ఆ బాబిన్ చదువుకున్నాడు, ఆఫీసరయ్యాడు, ఇరవై మూడో ఏట యుద్ధానికి వెళ్లాడు. ఇరవై నాలుగో ఏడు వాడికి రాలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను, వినండి. యుద్ధానికి వెళ్లే ఆఫీసరు కోటుకు భుజం పట్టీలు ఎలా కుట్టాలో మా వీధిలో గుడ్డివాడినడిగినా చెప్తాడు. కచ్చా కుట్టు, నాలుగే పోగులు. పట్టీ మీద ఇత్తడి జరీతో రెండు గీతలుంటాయి, ఎండలో తళుక్కుమంటాయి. అవతలివైపు గురి చూసి కొట్టేవాడు ముందు వెతికేది ఆ తళుకునే. అందుకే పోరు జరిగే చోటికి చేరగానే ఒక్క లాగు లాగితే పట్టీ ఊడి చేతిలోకి రావాలి. కొన్ని వందల మందికి అలాగే కుట్టాను నేను. నా మనవడికి మాత్రం కుట్టలేదు. మైనం పట్టించిన దారంతో రెండు వరసలు, చుట్టూరా, బిగించి కుట్టాను.

"అత్తయ్యా, కచ్చా కుట్టు వెయ్యండి చాలు" అని కోడలు అంది ఆ రోజు.

"నా మనవడి పట్టీ వంకరపోతే ఈ వీధిలో పది కొట్లవాళ్లూ నవ్వుతారు. నువ్వూరుకో" అన్నాను.

అదీ నేనన్న మాట. ఎనిమిది నెలల తర్వాత పెద్ద కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. నాకు చదువు అంతంత మాత్రం, కోడలే చదివింది. హోదా గుర్తులు తొలగించాలన్న ఆజ్ఞను ఉల్లంఘించి, భుజం పట్టీలు ధరించి ఉన్నందున, శత్రువు గురికి చిక్కి మరణించినట్టు విచారణలో తేలిందట. కాబట్టి ఏ గౌరవానికీ సిఫారసు చేయడం లేదట. కోడలు కాగితం మడిచింది, నా మెషిను మీద పెట్టింది, పరదా వెనక్కి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి నాతో మాట లేదు. నాలుగు నెలలు. ఒకే కప్పు కింద, ఒకే పని. తను కత్తిరించి పంపిన బట్ట మీద సుద్దముక్కతో రాసి ఉండేది, "నడుము అంగుళం తగ్గించాలి" అనో, "చేయి పొడవు చూసుకోవాలి" అనో. నాకు వచ్చినంత మేరకు కూడబలుక్కుని చదివేదాన్ని. కోపంలో కూడా నాకు అర్థమయ్యేలా పెద్ద పెద్ద అక్షరాలతో రాసేది. నేను జవాబు రాసేదాన్ని కాదు. ఏం రాస్తాను?

సరే, సిపాయి దగ్గరకు వద్దాం.

లోపలికి రమ్మన్నాను. నా వయసు, మా గుమ్మం ఎత్తు, రెండూ చూసి చెయ్యి పట్టుకోబోయాడు. "నేనెక్కడికీ రావడం లేదు నాయనా, లోపలికి రావాల్సింది నువ్వు" అన్నాను. అప్పుడు చిన్నగా నవ్వాడు. ముప్పై ఏళ్లుంటాయి. ముఖం ఎండకు కమిలిపోయింది, చేతులు మాత్రం చాలా పెద్దవి, మొరటువి. టీ ఇస్తే గ్లాసు ఆ చేతుల్లో కనబడలేదు.

"సైన్యంలో చేరకముందు ఏం చేసేవాడివి?" అని అడిగాను. అసలు అడగాల్సింది అడిగే ధైర్యం లేక ఇలాంటివన్నీ అడుగుతున్నానని నాకు తెలుసు.

"గోదాములో పని నానమ్మగారూ. బస్తాల మూతులు కుట్టేవాణ్ణి. సారు మిమ్మల్ని నానమ్మ అనేవారు కదా, నాకూ అదే అలవాటైపోయింది. ఏమీ అనుకోకండి."

"అనుకోను. అయితే నువ్వూ సూది పట్టినవాడివే."

"గోనెసూది అండీ, ఇంత పొడుగుది. దాన్ని సూది అంటే మీ సూదులకు కోపం వస్తుంది."

పరదా వెనక కత్తెర చప్పుడు వినబడుతోంది. కర్... కర్... ముతక బట్ట మీద నిదానంగా నడుస్తోంది. వచ్చింది ఎవరో కోడలికి తెలుసు. బయటికి రాలేదు.

ఇక ఆగలేకపోయాను. "నాయనా, ఒక్కటి చెప్పు. వాడు లాగి చూశాడా? ఆ పట్టీలు ఊడి రాలేదా?"

సిపాయి గ్లాసు కింద పెట్టాడు.

"రాలేదండి" అన్నాడు. "పోరు జరిగే చోటికి చేరిన మొదటి రోజే అందరం చూశాం. సారు లాగారు, రాలేదు. నేను లాగాను, రాలేదు. మా లావుపాటి వంటవాడు సారు భుజం మీద కాలు మోపి లాగాడు, సారే కింద పడ్డారు. 'ఇది మా నానమ్మ కుట్టురా, శత్రువుల కోట గోడైనా కూలుతుందేమో గానీ ఇది ఊడదు' అని పడీ పడీ నవ్వారు. ఆఖరికి తుపాకీ బయనెట్టు మొనతో ఒక్కొక్క పోగూ తెంపాం. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నమైంది."

"తెంపారా?"

"తెంపాం అండీ. మొదటి రోజే. పట్టీలు రెండూ జేబులో వేసుకున్నారు."

కత్తెర ఆగింది.

నేను వెనక్కి వాలిపోయాను. నాలుగు నెలలుగా నా మెడ మీద పెట్టుకుని మోస్తున్న బండ ఒకటి, దించుకోమని ఎవరో చెప్పినట్టయింది. కానీ దించుకునే లోపలే ఇంకో మాట బుర్రలో మెదిలింది. మొదటి రోజే తీసేస్తే, ఉత్తరంలో అలా ఎందుకుంది?

అడిగేలోపు అతను సంచి విప్పాడు. కోటు తీసి నా ఒళ్లో పెట్టాడు. వాడి పెట్టె మాకు చేరినప్పుడు అందులో అన్నీ ఉన్నాయి, సబ్బు డబ్బా కూడా ఉంది, కోటు ఒక్కటే లేదు. ఇదీ ఆ కోటు. గట్టిగా ఉతికినా పోని మచ్చ ఒకటి ముందువైపు పరుచుకుని ఉంది. దాని గురించి నేను చెప్పను. భుజాలే చెప్తాను.

రెండు భుజాల మీదా పట్టీలున్నాయి.

కోటును వెలుగులోకి తిప్పాను. నా మైనం దారం లేదు. నా కుట్టు పడిన చోట చిన్న చిన్న చిల్లులు, తెగిన పోగుల మొదళ్లు ఉన్నాయి. వాటి పైన కొత్త కుట్టు. ఎడమ భుజం మీద వేలు పెట్టి చూశాను. పొడుగు పొడుగు పోగులు, ఒకటి ఇటు, ఒకటి అటు. ఏడేళ్ల పిల్లాడు బొమ్మకు గుడ్డ కుట్టినట్టుంది. ఎవడిదో ఈ పని అనుకున్నాను. అంతలో దారం కొసన ముడి కనబడింది. పోగును రెండుసార్లు వెనక్కి తిప్పి, కింద నుంచి దూర్చి వేసే ముడి అది. మా ఇంట్లో తప్ప ఈ వీధిలో ఎవరూ అలా వెయ్యరు. వాడి వేళ్లు పట్టుకుని నేనే నేర్పాను.

"ఇది వాడి ముడి" అన్నాను. "కానీ కుట్టు అటువైపు వాలిందేమిటి? ఇది ఎడమ చేత్తో కుట్టిన కుట్టు. కుడి చెయ్యి ఏమైంది నాయనా?"

అతను తలెత్తి నా వంక వింతగా చూశాడు. ఉత్తరంలో లేని సంగతిని గుడ్డ మీద చదువుతానని అనుకోలేదు పాపం.

"రెండో రోజు మోచేతి పైన గుండు దిగింది. మెడకు కట్టుకుని తిరిగారు" అన్నాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. నేను మధ్యలో అడ్డు రాలేదు. మీరూ రాకండి.

వాళ్లు ఇరవై మంది. ఒక పాత ఇటుక బట్టీలో చిక్కుకున్నారు. బట్టీకి ముందువైపు పొడుగాటి గోడ, దానికి అక్కడక్కడా ఫిరంగి గుళ్లకు పడ్డ కంతలు. వెనకవైపు దున్నిన పొలం, నాలుగు వందల అడుగులుంటుంది. ఒక చెట్టు లేదు, గట్టు లేదు. పొలం దాటితే ఎండిన కాలువ. అందులోకి దిగితే బతికినట్టే. మూడో రోజు ఉదయం వెనక్కి వచ్చెయ్యమని కబురొచ్చింది. నడవగలిగినవాళ్లు వంగి పరుగెత్తి దాటొచ్చు. నడవలేనివాళ్లు అయిదుగురున్నారు. స్ట్రెచరు మోసేవాడు పరుగెత్తలేడు, వంగలేడు.

అవతల ఎత్తయిన నీళ్ల ట్యాంకు మీద శత్రువుల గురికాడు ఒకడున్నాడు. ఆ పొలం మొత్తం కనబడేది వాడొక్కడికే. మొదటి స్ట్రెచరు బయటికి తీశారు. ముందు మోసేవాడి ముంజేతిలో దిగింది. వెనక్కి లాక్కొచ్చారు. ఇంకోసారి తీశారు. ఈసారి వంటవాడు. స్ట్రెచరు వదలకుండానే మోకాళ్ల మీద కూలాడు. మళ్లీ లేవలేదు.

"సారు అప్పుడు కాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నారండి. మేమెవరం సార్ అని పిలిచేవాళ్లం కాదు, సెల్యూట్ కొట్టేవాళ్లం కాదు. పిలిస్తే అవతలివాళ్లకు తెలిసిపోతుంది. అందరి బొత్తాలూ చిరుగులూ కుట్టిపెట్టేవారు కాబట్టి దర్జీ అని పేరు పెట్టుకున్నాం. 'దర్జీ, ఏం చేద్దాం?' అని అడిగాను. 'వాడు మూడు రోజులుగా నాకోసం వెతుకుతున్నాడు. దొరక్క మీ మీద పడుతున్నాడు. దొరుకుదాం' అన్నారు."

నానమ్మ ఇచ్చిన దారం, సూది ఉన్నాయి కదా అంటూ జేబులోంచి తీశాడట. నేనే కదా పెట్టి పంపింది. కోటు విప్పి మోకాలి మీద పరిచాడు. పిన్నుతో గుచ్చుకుంటే చాలదా అని ఇతను అడిగితే, పరుగెత్తేటప్పుడు ఊడిపోతే ఎలారా, మధ్యలో ఆఫీసరు ఉద్యోగం పోతే వాడు నన్ను లెక్కచెయ్యడు అన్నాడట. ఎడమ చేత్తో కుట్టుకున్నాడు. ఎండలో కూర్చుని, పళ్లతో దారం తెంచుకుంటూ.

తర్వాత అందర్నీ పిలిచి ఎవరు ఏ స్ట్రెచరు మొయ్యాలో చెప్పాడు. ముందు వయసులో చిన్నవాళ్ల స్ట్రెచర్లు, ఆ తర్వాత పెళ్లాం పిల్లలున్నవాళ్లవి. భయమేస్తే కాళ్లకేసి చూడండి, ట్యాంకుకేసి చూడొద్దు అన్నాడు. ఈ సిపాయిని మాత్రం దగ్గర ఉంచుకున్నాడు. పొలంవైపు చూస్తూ, ఒక్కో స్ట్రెచరు కాలువలో దిగగానే కేకేసి చెప్పాలి. అదీ ఇతని పని.

వాడు గోడ వెంట ఆ చివరకు వెళ్లాడు. మొదటి కంతలో నిలబడ్డాడు, ఎండ భుజాల మీద పడేలా. ఎడమ చెయ్యి చాచి ఎవరికో దారి చూపించినట్టు, ఎవర్నో పిలుస్తున్నట్టు, లేని సైన్యానికి ఆజ్ఞలిచ్చాడు. మొదటి గుండు గోడకు తగిలింది. వాడు వంగి, రెండో కంత దగ్గర లేచాడు. మళ్లీ వంగి, మూడో దాంట్లో. ఒక్కో కంతలో ఒక్కోలా నిలబడ్డాడట. ఒకచోట నడుం మీద చెయ్యి పెట్టుకుని, మా వీధిలో గిరాకీతో బేరమాడినట్టు కూడా నిలబడ్డాడట.

"ఒకటి దిగింది!" అని ఇతను అరిచాడు. "రెండు దిగింది!"

మూడో స్ట్రెచరు దిగే వేళకు వాడి నడుములో తగిలింది. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. నాలుగోది దిగింది. అయిదోది పొలంలో ఉండగా వాడు కంత పక్కన గోడకు చేరగిలబడి అడిగాడట, "దిగిందా?"

"ఇంకా పది అడుగులుంది దర్జీ" అన్నాడు ఇతను.

వాడు ఇంకోసారి లేచి నిలబడ్డాడు.

సిపాయి ఇక్కడ ఆగాడు. "అయిదుగురూ దాటారు నానమ్మగారూ. ఒకడు తర్వాత ఆసుపత్రిలో పోయాడు. నలుగురున్నారు. ఒకడికి పోయిన నెల కూతురు పుట్టింది. నేను సారుని వీపున వేసుకుని పొలం దాటాను. ట్యాంకు మీదివాడు మా మీద ఒక్క గుండు కూడా కాల్చలేదు. ఎందుకో నాకిప్పటికీ తెలీదు."

ఏడ్చాను. ఏడవలేదని చెప్పను. ఏడుస్తూనే కోటు మీద చెయ్యి వేసుకుని నిమురుతున్నాను. ఎడమ భుజం, తర్వాత కుడి భుజం. యాభై ఏళ్లుగా ఇదే పని చేసిన చెయ్యి, నాతో చెప్పకుండానే పని చేసుకుపోతుంది. కుడి భుజం మీద వేలు ఆగింది.

ఇది వాడి కుట్టు కాదు.

దగ్గరగా పట్టుకుని చూశాను. కురచ పోగులు, ఒకదాన్నొకటి పట్టుకుని, మెలికపడి, పీకినా రాకుండా ఉన్నాయి. ఇలాంటి కుట్టు బట్టకు ఎవరూ వెయ్యరు. లోపలున్న గింజ జారకుండా బస్తా మూతికి వేస్తారు.

అతని పెద్ద చేతుల వంక చూశాను. చూశానని అతనికి తెలిసింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, దొంగతనం చేస్తూ దొరికిన పిల్లాడిలా.

"నువ్వు కుట్టావా?"

"ఒక్కటి కుట్టేసరికే సారుకు చెమటలు పట్టేశాయి అండీ. సూది చేతిలోంచి జారిపోయింది. అవతల స్ట్రెచర్లు సిద్ధంగా ఉన్నాయి. ఒక్క భుజం చాలదా అన్నాను. 'సగం ఆఫీసరునైతే వాడు సగమే నమ్ముతాడురా, నువ్వు కుట్టు' అన్నారు. నేను కుట్టనన్నాను. ఒట్టు, కుట్టనన్నాను. అప్పుడాయన... ఆజ్ఞ అన్నారు. మూడు రోజుల్లో ఆ మాట వాడింది అదొక్కసారే. కుట్టాను. చేతికొచ్చిన కుట్టు అదొక్కటే. నా చేత్తోనే కుట్టాను."

"మరి విచారణలో ఈ మాట చెప్పలేదా?"

"హోదా గుర్తులు పెట్టుకున్నవాడిదే కాదు, పెట్టినవాడిదీ తప్పే అన్నారు. పట్టీలు అందరూ చూశారు గానీ, ఎందుకు పెట్టుకున్నారో తెలిసింది నాకొక్కడికే. నాకూ తెలియదని చెప్పి సంతకం పెట్టాను. కోటు ఏదని అడిగితే కాలిపోయిందన్నాను. ఇంటి దగ్గర అమ్మ ఉంది, ఇద్దరు చెల్లెళ్లున్నారు. జైలుకి పోతే... అలా అనుకున్నాను. నా ఆ సంతకంతోనే మీకు ఆ ఉత్తరం వచ్చింది." కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "రేపు ఈ కోటు పట్టుకుని కార్యాలయానికి వెళ్తాను. మీ కుట్టు తెంపిన చిల్లులున్నాయి, సారు కుట్టుంది, నా కుట్టుంది. చూస్తే వాళ్లకే అర్థమవుతుంది. వెళ్లేముందు మీకు చూపించాలని వచ్చాను."

పరదా కదిలింది.

కోడలు వచ్చి నిలబడింది. ఎంతసేపటి నుంచి పరదాకు ఆనుకుని వింటోందో, చెంప మీద దాని గళ్ల అచ్చు పడి ఉంది. కుడి చేతిలో కత్తిరింపు కత్తెర. నావైపు చూడలేదు. సిపాయి ముఖం చూసింది, తర్వాత వెనక దాచుకున్న చేతులకేసి చూసింది. "ఇలా పెట్టు" అన్నట్టు సైగ చేసింది. అతను రెండు చేతులూ ముందుకు చాచాడు. కొడతావో నరుకుతావో నీ ఇష్టం అన్నట్టు కళ్లు మూసుకున్నాడు.

ఆ చేతులను చాలాసేపు చూసింది. తర్వాత నా పక్కకు వచ్చి కింద కూర్చుంది. నాలుగు నెలల తర్వాత నా పక్కన కూర్చుంది. కోటును నా ఒళ్లోంచి తన ఒళ్లోకి లాక్కుంది. ఎడమ భుజం మీది వంకర కుట్టును పెదవులకు ఆనించుకుంది. కుడి భుజం వెలుగులోకి తిప్పి, ఆ బస్తా కుట్టు కిందికి కత్తెర మొన దూర్చింది.

అప్పుడు తలెత్తింది.

"అత్తయ్యా" అంది. "విప్పమంటారా?"

నాకు ముందు ఆ పిలుపు తప్ప ఇంకేం వినబడలేదు. తర్వాత నెమ్మదిగా తెలిసింది, తను అడుగుతున్నదేమిటో. ఆ కుట్టు విప్పేస్తే ఇతని చెయ్యి ఉందనడానికి రుజువుండదు, ఈ మనిషి బతికిపోతాడు. ఒక తల్లికి కొడుకు మిగులుతాడు. సాక్ష్యం లేక ఉత్తరం మాత్రం ఉత్తరంలాగే ఉంటుంది. నా మనవడు ఆజ్ఞ మీరి చచ్చిపోయినవాడిగానే ఉండిపోతాడు. విప్పకపోతే వాడి పేరు నిలబడుతుంది, ఇతను కూలిపోతాడు. కత్తెర రెండు మొనల మధ్య ఒక్క పోగుంది.

"వద్దమ్మా, విప్పకండి" అని సిపాయి అంటున్నాడు. కోడలు అతని మాట వినడం లేదు. నా నోటి వంకే చూస్తోంది.

నేనేం చెప్పానో ఇవాళ చెప్పలేను, ఈ వారం ఇక్కడే ఆపుతాను.

కానీ మీరొక పని చెయ్యండి. ఆ కత్తెర మూసుకుంటే ఆ కుట్టు ఇక ఉండదు, దాన్ని చూసినవాళ్లం మేం ముగ్గురమే. అందుకే మీకు రెండు భుజాలూ విడివిడిగా చూపించాను. ఎడమ భుజం మీద అటు వాలిన పొడుగు పోగులు వాడివి. కుడి భుజం మీది బస్తా కుట్టు ఈ సిపాయిది. కింద తెగిపోయిన మైనం దారం నాది. మర్చిపోకండి. ఇంటికి వెళ్లి మీవాళ్లకు చెప్పండి, ఏ భుజం ఎవరిదో తేడా రాకుండా చెప్పండి. పది అడుగులుందంటే మళ్లీ లేచి నిలబడ్డాడని కూడా చెప్పండి.